తల్లిపాలా, డబ్బాపాలా: బిడ్డ తెలివితేటల కోసం ఏది ఎంచుకోవాలి?

బిడ్డకు ఏ పాలు పట్టాలన్న మాట వచ్చినప్పుడల్లా తెలివితేటల సంగతి కూడా వస్తుంది. తల్లిపాలు తాగిన పిల్లలు చురుగ్గా ఉంటారని పెద్దవాళ్లు చెబుతారు. డబ్బా మీదేమో మెదడు ఎదుగుదల కోసం ప్రత్యేకంగా తయారుచేశామని రాసి ఉంటుంది. పాలు చాలక డబ్బాకి మారిన తల్లి, తన బిడ్డ రేపు చదువులో వెనకబడుతుందేమోనని లోలోపల టెన్షన్ పడుతుంది. ఈ భయం తోడవడంతో, నిదానంగా తీసుకోవాల్సిన నిర్ణయం పరీక్షలా మారిపోతుంది.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. నెలలు నిండి ఆరోగ్యంగా పుట్టిన బిడ్డ విషయంలో తల్లిపాలకూ సరైన ఫార్ములాకూ (అంటే డబ్బాపాలకూ) మధ్య తెలివితేటల్లో తేడా ఉన్నా అది చిన్నదే. అసలు లేకపోవచ్చు కూడా. బిడ్డ మెదడుకు నిజమైన దెబ్బ తగిలేది వేరే చోట్ల: కడుపు నిండకపోవడం, ఐరన్ తగ్గిపోవడం, బి12 లోపించడం, పాలపొడిని తప్పుగా కలపడం. వీటి గురించి డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఎవరూ రాయరు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ సంగతి వేరు, దాని గురించి తర్వాత చెబుతాను.

ముందు అంకెల సంగతి చూద్దాం. ఐక్యూ సగటు 100. జనంలో దాదాపు మూడింట రెండు వంతుల మంది 85కీ 115కీ మధ్యే ఉంటారు. ఒకే మనిషి వేర్వేరు రోజుల్లో పరీక్ష రాసినా కొన్ని పాయింట్లు అటూఇటూ అవుతాయి. కాబట్టి రెండు మూడు పాయింట్ల తేడా అంటే, ఒక్క పిల్లవాడిని చూసి ఎవరూ పసిగట్టలేనంత తేడా. దేశం మొత్తం మీద లెక్కేస్తే దానికి విలువ ఉంటుంది. ఒక ఇంట్లో ఒక బిడ్డ విషయంలో అది భయపడాల్సిన సంఖ్య కాదు.

తల్లిపాలు తాగిన పిల్లల మార్కులు ఎందుకు ఎక్కువ?

తల్లిపాలు తాగిన పిల్లలకు తెలివి పరీక్షల్లో సగటున ఎక్కువ మార్కులు వస్తాయన్నది నిజమే, అధ్యయనాల్లో మళ్లీమళ్లీ కనిపించేదే. చిక్కల్లా దానికి కారణం పాలేనా అన్న దగ్గరే ఉంది. చాలా దేశాల్లో ఎక్కువ చదువుకున్న తల్లులు, డబ్బుకు ఇబ్బంది లేని తల్లులు, ఎక్కువ సెలవు దొరికే తల్లులు ఎక్కువ కాలం పాలిస్తారు. ఆ పిల్లలకు ఇంట్లో పుస్తకాలు, మాటలు, మంచి బడి కూడా దక్కుతాయి. పాలు చేసిన మేలెంత, ఇల్లు చేసిన మేలెంత అని విడదీయడం చాలా కష్టం.

2006లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనం ఈ ముడిని బాగా విప్పింది. అమెరికాలో 5,000కు పైగా పిల్లల వివరాలు తీసుకుంటే, మొదట చూసినప్పుడు తల్లిపాలు తాగినవాళ్లు సుమారు 4 పాయింట్లు ముందున్నారు. తల్లి ఐక్యూని లెక్కలోకి తీసుకోగానే ఆ తేడాలో ఎక్కువ భాగం కరిగిపోయింది. మిగతా పరిస్థితులను కూడా కలిపి చూస్తే చివరికి మిగిలింది దాదాపు అర పాయింటు. ఒకే తల్లికి పుట్టి, ఒకరు తల్లిపాలు తాగి మరొకరు తాగని తోబుట్టువులను పోల్చినప్పుడూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అలాగని తల్లిపాల ప్రభావం వట్టి భ్రమ అని కొట్టేయడానికి లేదు. బ్రెజిల్‌లోని పెలోటస్ నగరంలో 1982లో పుట్టిన పిల్లలను 30 ఏళ్లపాటు గమనించారు. అక్కడ ఆ రోజుల్లో తల్లిపాలు ఇవ్వడానికీ ఇంటి ఆర్థిక స్థితికీ పెద్ద సంబంధం ఉండేది కాదు. పేదవాళ్లూ డబ్బున్నవాళ్లూ ఇంచుమించు ఒకేలా ఇచ్చేవాళ్లు. అందుకే ఈ అధ్యయనానికి విలువ ఎక్కువ. ఏడాది, అంతకు మించి తల్లిపాలు తాగినవాళ్ల ఐక్యూ, నెల కూడా తాగనివాళ్ల కన్నా 3.76 పాయింట్లు ఎక్కువగా తేలింది. అయితే ఇక్కడ తల్లుల ఐక్యూని లెక్కలోకి తీసుకోలేదు. ఎన్నో అధ్యయనాలను కలిపి 2015లో చేసిన విశ్లేషణలో సగటు తేడా 3.4 పాయింట్లు వచ్చింది. తల్లి ఐక్యూని కూడా చూసిన అధ్యయనాలకే పరిమితమైతే అది 2.6కి దిగింది.

ఇక అన్నిటికన్నా గట్టి పరీక్ష బెలారస్‌లో జరిగింది. తల్లిపాలు ఇవ్వొద్దని ఎవరికీ చెప్పలేం కదా. అందుకే పరిశోధకులు వేరే దారి పట్టారు. 1996–97లో 31 ప్రసూతి ఆసుపత్రులను లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విడగొట్టారు. ఒక జట్టులో తల్లులకు పాలివ్వడంలో ప్రత్యేకంగా సాయం చేశారు, రెండో జట్టులో మామూలు పద్ధతే కొనసాగింది. మొత్తం 17,000 మందికి పైగా పిల్లలు. మూడో నెలలో కేవలం తల్లిపాల మీదే ఉన్న పిల్లలు మొదటి జట్టులో 43 శాతం, రెండో జట్టులో 6 శాతం. ఆరున్నర ఏళ్ల వయసులో మొదటి జట్టు పిల్లలు మాటలకు సంబంధించిన తెలివిలో 7.5 పాయింట్లు, మొత్తం ఐక్యూలో 5.9 పాయింట్లు ముందున్నారు. ఈ వార్త అప్పట్లో చాలా చోట్ల పతాక శీర్షికలకెక్కింది. కానీ పరీక్ష పెట్టిన డాక్టర్లకు ఏ బిడ్డ ఏ జట్టో తెలుసు, అది చిన్న లోపం కాదు. అవే పిల్లలకు 16 ఏళ్ల వయసులో కంప్యూటర్ మీద పరీక్ష పెడితే, మాటల తెలివిలో మిగిలిన తేడా 1.4 పాయింట్లు. మిగతా నైపుణ్యాల్లో తేడా లేదు.

ఈ రెండో వార్త అంతగా ఎవరికీ చేరలేదు. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. బెలారస్ అధ్యయనంలోని తల్లులందరూ పాలివ్వడం మొదలుపెట్టినవాళ్లే. అక్కడ పోల్చింది ఎక్కువ కాలం, మరే పాలూ కలపకుండా ఇవ్వడాన్నీ తక్కువ ఇవ్వడాన్నీ. తల్లిపాలనూ డబ్బాపాలనూ నేరుగా పోల్చలేదు.

ఇవన్నీ కలిపి చూస్తే నాకు అనిపించేది: తల్లిపాల వల్ల ఒకటి రెండు పాయింట్ల మేలు ఉండొచ్చు, ముఖ్యంగా భాషకు సంబంధించి. దాని కోసం తల్లి ప్రాణాల మీదికి తెచ్చుకోనక్కర్లేదు. దాన్ని పట్టించుకోకుండా వదిలేయనూ అక్కర్లేదు.

తల్లిపాలు ఎంచుకుంటే

కుదిరితే తల్లిపాలే మేలు అని నేనూ అంటాను, కానీ ఐక్యూ కోసం కాదు. విరేచనాలు, చెవి ఇన్ఫెక్షన్లు, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు తగ్గుతాయి. పసిబిడ్డ నిద్రలో హఠాత్తుగా చనిపోయే ప్రమాదం తగ్గుతుంది. తల్లికి రొమ్ము క్యాన్సర్ ముప్పు తగ్గుతుంది. వీటికి ఆధారాలు తెలివితేటల ఆధారాల కన్నా చాలా బలమైనవి. పుట్టిన గంటలోపే మొదలుపెట్టి, ఆరు నెలల దాకా కేవలం తల్లిపాలే ఇవ్వాలని, ఆ తర్వాత ఇతర ఆహారంతో పాటు రెండేళ్లు, ఆపైన కూడా కొనసాగించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

కానీ తల్లిపాలు ఇస్తున్నాం కాబట్టి మెదడు సంగతి దానంతటదే చూసుకుంటుందని అనుకోకూడదు. నాలుగు చోట్ల జాగ్రత్త కావాలి.

మొదటిది మొదటి వారం. బిడ్డ రొమ్ము పడుతోందంటే పాలు కడుపులోకి వెళ్తున్నాయని అర్థం కాదు. తొలి కాన్పులో, సిజేరియన్ తర్వాత పాలు పడటం కాస్త ఆలస్యం కావొచ్చు. ముర్రుపాలు కొంచెమే వచ్చినా చాలామంది బిడ్డలకు ఆ రెండు మూడు రోజులకు సరిపోతాయి. కొందరికి సరిపోవు. వాళ్లలో నీరసం, రక్తంలో చక్కెర పడిపోవడం, ఒంట్లో నీరు తగ్గి సోడియం పెరగడం, కామెర్లు ముదరడం జరుగుతాయి. ముదిరిన కామెర్లు, బాగా పడిపోయిన చక్కెర మెదడుకు శాశ్వతంగా హాని చేయగలవు. పాల రకం తెచ్చే ఒకటి రెండు పాయింట్ల ముందు ఇది ఎన్నో రెట్లు పెద్ద విషయం. ఐదో రోజు దాటాక రోజుకు కనీసం ఆరు సార్లు మూత్రం పోస్తోందా, పుట్టిన బరువులో పది శాతం కన్నా ఎక్కువ తగ్గిందా, పాలకు కూడా లేవకుండా మగతగా పడి ఉంటోందా అన్నవి చూడాలి. అనుమానం వస్తే అదే రోజు డాక్టరుకు చూపించాలి. అలాంటప్పుడు కొన్ని రోజులు పిండిన పాలో ఫార్ములానో అదనంగా పడితే తల్లిపాల దారి మూసుకుపోదు. సరైన సాయం ఉంటే మళ్లీ పూర్తిగా తల్లిపాలకు రావచ్చు.

రెండోది ఐరన్. లీటరు తల్లిపాలలో ఐరన్ ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. ఉన్నది బాగా ఒంటబడుతుంది గానీ, బిడ్డ అసలు ఆధారపడేది కడుపులో ఉన్నప్పుడు దాచుకున్న నిల్వ మీద. అది నాలుగు నుంచి ఆరు నెలల్లో అడుగంటుతుంది. పసితనంలో ఐరన్ లోపం తీవ్రంగా, ఎక్కువ కాలం ఉన్న పిల్లలు తర్వాత ఐరన్ ఇచ్చినా చదువులో, ఏకాగ్రతలో వెనకబడినట్టు ఎన్నో అధ్యయనాలు చూపించాయి. అందుకే అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ, కేవలం తల్లిపాల మీద ఉన్న బిడ్డకు నాలుగో నెల నుంచి కిలో బరువుకు రోజుకు ఒక మిల్లీగ్రాము చొప్పున ఐరన్ చుక్కలు వేయమంటుంది. అన్ని దేశాల్లో ఇదే పద్ధతి లేదు కాబట్టి మీ డాక్టరును అడగండి. ఆరో నెలలో ఆహారం మొదలుపెట్టేటప్పుడు మాంసం, గుడ్డు, పప్పుధాన్యాలు, ఐరన్ కలిపిన పిండి లాంటివి మొదటి వారాల నుంచే ఉండాలి. ఎనిమిది నెలలు వచ్చినా నీళ్ల గంజి, పండు గుజ్జు దగ్గరే ఆగిపోతే ఆ లోటు పూడదు.

మిగతా రెండూ తల్లి తినేదాని మీద ఆధారపడేవి. మాంసం, గుడ్లు, పాలు ఏవీ ముట్టని తల్లి బి12 మాత్రలు వేసుకోకపోతే పాలలోనూ అది చాలినంత ఉండదు. అలాంటి బిడ్డలు కొన్ని నెలలు బాగానే ఎదిగి, తర్వాత నవ్వడం, కూర్చోవడం లాంటి వచ్చిన పనులు కూడా మర్చిపోతూ వెనక్కి వెళ్తారు. త్వరగా పట్టుకుంటే వైద్యం ఉంది, ఆలస్యమైతే లోటు మిగిలిపోవచ్చు. అయోడిన్ కూడా అంతే. పాలిచ్చే తల్లికి రోజుకు 250 మైక్రోగ్రాములు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పొగతాగే తల్లి పాలలో అయోడిన్ తగ్గుతుందని కూడా తెలుసు.

తల్లిపాలను పిండి తీసి సీసాతో పట్టడం, కొంత తల్లిపాలు కొంత ఫార్ములా ఇవ్వడం: ఈ రెండు దారులనూ జనం ఎందుకో ఓటమిలా చూస్తారు. ఉద్యోగానికి తిరిగి వెళ్లే తల్లికి ఇవి మంచి దారులు. ఇచ్చినంత తల్లిపాలకు విలువ ఉంది, ఇస్తే పూర్తిగా ఇవ్వాలి, లేదంటే అసలు వద్దు అన్న లెక్క ఏమీ లేదు. ఒక మాట మాత్రం చెప్పాలి. మందులు వాడుతున్నాం కాబట్టి పాలు మాన్పించాలని చాలామంది తమంతట తామే నిర్ణయించుకుంటారు. చాలా మందులు పాలిచ్చేటప్పుడు వాడదగినవే. మాన్పించే ముందు అడగండి.

ఫార్ములా ఎంచుకుంటే

ఫార్ములా ఎంచుకోవాల్సి వస్తే ముందు ఒక తేలిక విషయం: నియమాల ప్రకారం తయారైన మొదటి దశ (పుట్టినప్పటి నుంచి పట్టే) ఫార్ములాలన్నిటిలో ఐరన్, అయోడిన్, విటమిన్లు, కొవ్వులు బిడ్డకు కావాల్సినంత ఉంటాయి. చవకదానికీ ఖరీదైనదానికీ ఆ విషయంలో తేడా లేదు. తేడా ఉన్నట్టు కనిపించేది మెదడు పేరు చెప్పే అదనపు పదార్థాల దగ్గర.

వాటిలో అందరికీ తెలిసింది డీహెచ్‌ఏ. ఇది మెదడులో, కంటి రెటీనాలో ఉండే కొవ్వు, తల్లిపాలలోనూ ఉంటుంది. కాబట్టి ఫార్ములాలో కలిపితే తెలివి పెరగాలన్న తర్కం వినడానికి బాగుంటుంది. నెలలు నిండిన పిల్లల మీద జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2017లో సమీక్షిస్తే మెదడు ఎదుగుదలలో స్పష్టమైన లాభం కనిపించలేదు. 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇంకా దూరం చూసిన అధ్యయనం వచ్చింది. 1990ల నుంచి ఇంగ్లండ్‌లో జరిగిన ఏడు ఫార్ములా పరీక్షల్లోని పిల్లలను, వాళ్లు పెద్దయ్యాక రాసిన బడి పరీక్షల మార్కులతో జోడించారు. ప్రత్యేక పదార్థాలు కలిపిన ఫార్ములా తాగినవాళ్లకు 16 ఏళ్లకు ఎలాంటి లాభమూ లేదు. డీహెచ్‌ఏ లాంటి కొవ్వులు కలిపిన జట్టుకు 11 ఏళ్ల వయసులో మార్కులు కాస్త తక్కువే వచ్చాయి. దాంతో భయపడాల్సిన పని లేదు. యూరప్‌లో 2020 నుంచి ఫార్ములాల్లో డీహెచ్‌ఏ తప్పనిసరి చేశారు కూడా. దాని కోసం అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదన్నదే నా సలహా.

పాల కొవ్వు చుట్టూ ఉండే పొరను కలిపిన ఫార్ములా కొంచెం ఆశ కలిగించింది. స్వీడన్‌లో జరిగిన పరీక్షలో ఏడాది వయసుకి తెలివి పరీక్షలో ఆ పిల్లలు మామూలు ఫార్ములా పిల్లల కన్నా దాదాపు 4 పాయింట్లు ముందుండి, తల్లిపాల పిల్లలతో సమానంగా నిలిచారు. ఆరున్నర ఏళ్లకు మళ్లీ చూస్తే ఆ తేడా లేదు. డబ్బా మీద మీరు చదివేది ఏడాది నాటి ఫలితం గురించే అయ్యుండొచ్చు.

ఫార్ములా విషయంలో మెదడును కాపాడేది కొనే డబ్బా కన్నా కలిపే చెయ్యి. పొదుపు కోసమో, బిడ్డకు అరగదనో నీళ్లు ఎక్కువ పోస్తే ఒంట్లో సోడియం పడిపోయి ఫిట్స్ వస్తాయి. పుష్టి కోసం పొడి ఎక్కువ వేస్తే సోడియం పెరిగి ఒంట్లో నీరు తగ్గిపోతుంది. రెండూ మెదడుకు ప్రమాదమే. డబ్బాలో వచ్చిన కొలత చెంచాతోనే, అంచుకు సమంగా తీసుకోవాలి. పొడి సూక్ష్మక్రిములు లేనిది కాదు, అందుకే 70 డిగ్రీలకు తగ్గని వేడి నీళ్లతో కలిపి, చల్లార్చి పట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రెండు గంటలు దాటిన పాలు పారబోయాలి.

ఆవుపాలు, గేదెపాలు, మేకపాలు, ఇంట్లో కలిపిన పాలు, సోయా లేదా బాదం పానీయాలు: ఏడాది నిండేదాకా ఇవేవీ తల్లిపాలకు గానీ ఫార్ములాకు గానీ బదులు కావు. ఆవుపాలలో ఐరన్ బహు తక్కువ, పైగా పసి పేగుల్లో కంటికి కనిపించనంత రక్తం పోయేలా చేస్తాయి. ఒక్క పోషకం లోపిస్తే ఏమవుతుందో ఇజ్రాయెల్‌లో 2003లో తెలిసింది. ఒక సోయా ఫార్ములాలో విటమిన్ బి1 లేకుండా తయారవడంతో కొందరు పసిపిల్లలు చనిపోయారు, మరికొందరు తీవ్రంగా జబ్బుపడ్డారు. అప్పట్లో ఏ జబ్బూ కనిపించని పిల్లల్లో 59 మందిని ఐదు నుంచి ఏడేళ్ల వయసులో పరీక్షిస్తే, 57 మందికి భాషలో ఇబ్బందులు బయటపడ్డాయి. ఇంట్లో సొంతంగా పాలు కలిపి పట్టమనే సలహా ఎవరిచ్చినా ఈ ఉదంతాన్ని గుర్తు చేసుకోండి.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయితే

ఇక్కడ నా మాట మారుతుంది. 1992లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన అధ్యయనంలో, తల్లిపాలు గొట్టం ద్వారా అందిన నెలలు నిండని పిల్లలు ఏడున్నర, ఎనిమిదేళ్ల వయసులో 8 పాయింట్లకు పైగా ముందున్నారు. అదీ లాటరీ పద్ధతి కాదు, కాబట్టి ఆ సంఖ్యను యథాతథంగా తీసుకోలేం. అయినా ఈ పిల్లల్లో పేగు కుళ్లిపోయే భయంకరమైన జబ్బును తల్లిపాలు తగ్గిస్తాయి. ఆ జబ్బు వచ్చిన బిడ్డల మెదడు ఎదుగుదల కూడా దెబ్బతింటుంది. ఈ ఒక్క సందర్భంలో, పాలు పిండటానికి పడే శ్రమంతా పడమనే చెబుతాను. తల్లిపాలు చాలనప్పుడు పాల బ్యాంకు పాలా (అంటే వేరే తల్లులు దానం చేసిన పాలు), ప్రత్యేక ఫార్ములానా? కెనడాలో జరిగిన పరీక్షలో పద్దెనిమిది నెలలకు తెలివిలో తేడా రాలేదు, పేగు జబ్బు మాత్రం బ్యాంకు పాల జట్టులో తగ్గింది. అందుకే దొరికితే బ్యాంకు పాలే. చాలా తక్కువ బరువున్న బిడ్డకు వాటిలో ప్రోటీన్, ఖనిజాలు కలిపి ఇస్తారు, ఆ నిర్ణయం డాక్టర్లకే వదలాలి.

అడిగినప్పుడా, టైం ప్రకారమా?

ఏ పాలు అన్నదాని మీద ఇంత చర్చ జరుగుతుంది గానీ, ఎప్పుడు పట్టాలి అన్నది ఎవరూ పెద్దగా అడగరు. ఇంగ్లండ్‌లో 10,000కు పైగా పిల్లల మీద చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఆకలి వేసినప్పుడల్లా పాలు తాగిన పిల్లలు గడియారం ప్రకారం తాగినవాళ్ల కన్నా ఎనిమిదేళ్ల వయసులో ఐక్యూలో 4 పాయింట్ల పైచిలుకు ముందున్నారు. సీసా పిల్లల్లోనూ, రొమ్ము పిల్లల్లోనూ ఇదే ధోరణి కనిపించింది. ఇదీ పరిశీలన మాత్రమే, కారణం తేల్చలేదు. గడియారం ప్రకారం పట్టిన తల్లులు హాయిగా ఉన్నామని చెప్పారు, అది కూడా చిన్న లాభం కాదు. అలసిపోయి, దిగులుతో కుంగిపోయి, బిడ్డ ముఖం చూసి మాట్లాడే ఓపిక కూడా లేని తల్లికి కాన్పు తర్వాతి డిప్రెషన్‌కు వైద్యం చేయించడం ఏ పాల కన్నా ముందు రావాలి, ఎందుకంటే బిడ్డకు భాష వచ్చేది ఆ మాటల వల్లే.

ఓపిక ఉన్నవాళ్లకు నేను చెప్పేది అడిగినప్పుడల్లా పట్టమనే. నోరు తెరిచి తల తిప్పడం, చెయ్యి నోట్లో పెట్టుకోవడం ఆకలి గుర్తులు. ఏడుపు ఆఖరి గుర్తు. కడుపు నిండి ముఖం తిప్పేసుకుంటే సీసాలో మిగిలింది తాగించనక్కర్లేదు. ఒక్క మినహాయింపు: పుట్టిన బరువు ఇంకా తిరిగి రాని మొదటి రెండు వారాల్లో బిడ్డ అడగకుండా నిద్రపోతుంటే, మూడు గంటలకోసారి లేపి పట్టాలి.